కనిపిస్తోందండి

వైశాఖ శుద్ధ తదియ

పాఠం అయ్యాక రోజూ చిట్టా రాయమని సెక్షనాఫీసు వాళ్ళు అన్నారు. పాఠం పేరు, హాజరు, తెర స్థితి. ఈ మూడూ రాస్తే చాలట. మూడు ముక్కలు రాసి ఊరుకునేదాన్నయితే టీచరుద్యోగంలో ఎందుకు చేరతాను.

పాఠం: పాటుకి తలుపులు ఎత్తే వరస. హాజరు: ముగ్గురికి ముగ్గురూ. తెర స్థితి: బాగుంది.

పొద్దున సరుకుల పడవొచ్చింది. మామిడికాయలు అడిగితే ఇచ్చాడు గానీ సగం టెంక ముదిరిపోయినవే. కట్టమీద బతికేవాళ్ళకి దొరికిందే మహాప్రసాదం. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తాను. మాగాయ లేకుండా వానాకాలం గడపడం నావల్ల కాదు. చేతులు కడుక్కునేలోపే క్లాసు గంట మోగింది.

బడి అంటే పెద్దకట్ట మీద ఒక్క గది. ఒక కుర్చీ, ఒక తెర, నేను. నేర్చుకునేవాళ్ళెవరూ ఇక్కడికి రారు. ముగ్గురూ మూడు లంకల్లో, వాళ్ళ వాళ్ళ తలుపు గదుల్లో, తెరల ముందు కూర్చుంటారు. సముద్రం లోపలికొచ్చాక లంకకీ లంకకీ మధ్య మిగిలింది నీళ్ళే. ప్రతి లంకకీ చుట్టూ గట్టు, గట్టుకో ఇనప తలుపు. సముద్రం పోటు మీదుంటే మూసెయ్యాలి, పాటుకి వెనక్కి తీస్తుంటే ఎత్తి లోపలి నీళ్ళు బయటికి వదలాలి. వరస తప్పితే ఒక లంక వదిలిన నీళ్ళు పక్క లంక ఇళ్ళలోకి పోతాయి. ఆ వరస నేర్పడమే నా పని.

సముద్రం ఎంత ఎత్తునుందో, ఒక్కో తలుపు దగ్గర నీళ్ళెంత ఉన్నాయో ముందు నా తెర మీదకొస్తాయి. నా తెర నేను ముగ్గురికీ పంచుతాను. తెర మీద చూపించడానికి నాదొక ఎర్రవేలు, వాళ్ళకి తలో రంగు వేలు. మొదలెట్టేముందు 'కనిపిస్తోందా?' అని అడగాలి. అది రూలు. వాళ్ళు లంక పేరు చెప్పి జవాబివ్వాలి.

"పుంతలంక, కనిపిస్తోందండి."

"ఈతలంక, కనిపిస్తోందండి."

"నడిమిలంక, కనిపిస్తోందండి."

ఏ ఒక్కరికి కనిపించకపోయినా అందరూ ఆగాలి. ఈ ఏడాదిలో ఒక్కనాడూ ఆగలేదు. నా క్లాసంటే ఎంత శ్రద్ధోనని మురిసిపోతుంటాను.

పుంతలంక నూకరత్నం మాత్రం నా ప్రాణం తీస్తోంది. వలలేసేవాళ్ళ పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు, మాటలో చురుకు. పనికొచ్చేసరికి ఎప్పుడూ ఒక ఊపిరి ఆలస్యం. ఇవాళ తన పచ్చవేలు తెర మూలన కదలకుండా కూర్చుంది.

"నూకరత్నం, నీ వేలేంటే మూలన పడుంది? కాలేమైనా విరిగిందా దానికి?"

"వేలికి కాలెక్కడుంటదండి టీచరుగారూ."

"నోటికి మాత్రం ఏ రోగమూ లేదు."

పౌర్ణమికి ముగ్గురికీ పరీక్ష పెట్టి చెయ్యివ్వాలి. అంటే ఆ రోజు పాటుకి నా వేలు తెర మీద ఉండదు, నా మైకు సెక్షను వాళ్ళే కట్టేస్తారు. తెర చూసుకుంటూ తలుపులు వాళ్ళంతట వాళ్ళే ఎత్తి దించాలి. సరిగ్గా చేస్తే లస్కర్లయిపోతారు, లంక తలుపు వాళ్ళ చేతికొస్తుంది. నోరు కట్టేస్తే పూటంతా నేనెలా కూర్చుంటానో ఆ దేవుడికే తెలియాలి.

పంచమి

పాఠం: ముగ్గురూ కలిసి చేసే లెక్క. హాజరు: ముగ్గురూ. తెర స్థితి: బాగుంది.

నడిమిలంక తలుపు ముందు ఎత్తితే ఈతలంక దగ్గర నీళ్ళు ఎంత లేస్తాయో ముగ్గురూ ఒకే తెర చూసి నోటిలెక్క కట్టి చెప్పాలి. మధ్యలో పరీక్షగా ఒక తలుపు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను.

"సున్నా ఏ తలుపు దగ్గర చుట్టాను? నూకరత్నం, నువ్వు చెప్పు."

మూలనున్న పచ్చవేలు కదల్లేదు.

"మీరు చుట్టిన చోటే ఉందండి."

ఈతలంక ఏసుబాబు కిసుక్కుమన్నాడు. నాకు తిక్క రేగింది. "నవ్వావుగా, అయితే నువ్వు చెప్పు బాబూ."

"నూకరత్నం చెప్పిందే రైటండి."

ఇద్దర్నీ కడిగేశాను. మీకు నేను ఆటబొమ్మలా కనిపిస్తున్నానా, పౌర్ణమి నాడు సముద్రంతో కూడా ఇలాగే వేళాకోళమాడతారా అని అడిగాను. నడిమిలంక కాసులు సర్దిచెప్పబోయాడు. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడతాడు.

"పోనిద్దురూ, కుర్రాళ్ళు."

కాసులు నీలంవేలు మాత్రం పాఠం అయ్యేదాకా తెరంతా తిరుగుతూనే ఉంది. ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోండని మిగతా ఇద్దరికీ చెప్పాను.

షష్ఠి

ఆఫీసుకి పంపే చిట్టాలో ఇవాళ మూడు ముక్కలే రాసి పంపాను. ఇది వేరేగా, నాకోసం రాసుకుంటున్నాను.

పొద్దున జాడీ దించి ముక్కలు పిండి, చాప మీద ఎండబెట్టాను. ఊట బేసిన్‌లో పోసి అది కూడా ఎండకే పెట్టాను. సముద్రపు గాలికి చెమ్మ, ఎన్నాళ్ళకి ఎండుతాయో ఏమో. క్లాసు అయ్యాక నూకరత్నాన్ని ఒక్కదాన్నీ లైన్లో ఉండమన్నాను. తిట్టడానికి కాదు. ఆ పిల్ల కళ్ళకేమైనా అయిందేమోనని నా భయం.

"నీకు చూపు సరిగ్గా ఆనుతోందా?"

"ఆనుతోందండి."

"మరి నిన్న సున్నా ఎందుకు చెప్పలేకపోయావు?"

"మన మాటలు ఇంకెవరికన్నా వినపడతాయాండి?"

"నాకు తప్ప ఎవరికీ వినపడవు. చెప్పు."

"నాకు బొమ్మ రావట్లేదండి. శివరాత్రికి గాలివానొచ్చింది చూడండి, అప్పట్నించి. గొంతొస్తది. తెర మాత్రం నల్లగానే ఉంటది."

శివరాత్రి మాఘంలో. ఇది వైశాఖం. ఇన్నాళ్ళూ ఈ పిల్ల నల్లటి తెర ముందు కూర్చుని, నేనడిగిన ప్రతిసారీ కనిపిస్తోందండి అంటూ వచ్చింది. నా తిట్లన్నీ ఆ చీకట్లోనే కూర్చుని తిన్నది.

"మరి తలుపెలా తిప్పుతున్నావే?"

"ఏసుబాబు పక్క లైన్లో చెప్తాడండి. తిప్పమంటే తిప్పుతాను. ఆపమంటే ఆపుతాను."

"నాతో ఒక్కమాట చెప్పచ్చుగా?"

"కొర్లంకోళ్ళు చెప్పారుగదండి."

కొర్లంక నాలుగో లంక. పోయినేడు దాకా నా క్లాసులోనే ఉండేది. బొమ్మ రావట్లేదని వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. వరసగా మూడు తిథులు బొమ్మ అందకపోతే ఆ లంకని ఖాళీ చేయించాలని రూలుంది. పడవలొచ్చాయి. జనాన్ని మెట్ట మీద రేకుల షెడ్లలోకి తోలేశారు.

"బొమ్మనందించే పెట్టెల్ని ఉప్పు తినేసిందంటే పెట్టెలు మారుస్తారనుకున్నారండి వాళ్ళు. మనుషుల్ని మార్చేశారు. మా నాన్నకి వల తప్ప ఇంకో పని తెలీదండి. మెట్ట మీదకెళ్ళి ఎక్కడేస్తాడు వల?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చాక కూర్చుని రూళ్ళు గుర్తు చేసుకున్నాను. లంకలో తెర పోతే తప్పు లంకది. అదే నా తెర పోతే తప్పు పై లైనుది. అప్పుడు సెక్షను వాళ్ళే వచ్చి, పైనుంచి కిందదాకా ఒక్కో పెట్టె విప్పి చూసి, చెడిపోయినవన్నీ మార్చి వెళ్ళాలి. లంకల పేర్లెక్కడా రాయరు. ఈ రూలు ఎవడు రాశాడో గానీ వాడి చేత రోజూ ఉప్పునీళ్ళు తాగించాలి.

అష్టమి

నిన్నంతా ఒకటే ఆలోచన. నూకరత్నానికి కనిపించదు, సరే. ఏసుబాబుకి కనిపిస్తుందిగా. మరి ఎర్ర సున్నా ఎక్కడుందో వాడెందుకు చెప్పలేకపోయాడు?

అందుకని ఇవాళ ఒక పని చేశాను. క్లాసు గంట మోగింది, ముగ్గురూ వచ్చారు, నమస్కారాలయ్యాయి. నా తెర పంచలేదు. పంచే మీట జోలికే పోలేదు. ఏమీ ఎరగనట్టు అడిగాను.

"కనిపిస్తోందా?"

"పుంతలంక, కనిపిస్తోందండి."

"ఈతలంక, కనిపిస్తోందండి."

"నడిమిలంక, కనిపిస్తోందండి. ఇవాళ బొమ్మ మరీ తేటగా ఉందండి టీచరుగారూ."

ఆ తేటగా అన్నది కాసులు. తెరంతా వేలు తిప్పే కాసులు.

అయినా పాఠం ఆపలేదు. అలవాటు ప్రకారం నా తెర వంక చూస్తూ గొణుక్కుంటూ పోయాను. ముగ్గురూ తలుపులు సరిగ్గానే తిప్పారు. ఎత్తాల్సినప్పుడు ఎత్తారు, దించాల్సినప్పుడు దించారు. ఎవరికీ ఏమీ కనిపించట్లేదు, ఎవరూ ఒక్క తప్పూ చెయ్యలేదు. క్లాసయ్యాక ఆ కుర్చీలోనే పొద్దుగూకేదాకా కూర్చుండిపోయాను. ముక్కలు ఎండలోంచి తియ్యడం కూడా మర్చిపోయాను. కాకులు కొన్ని ఎత్తుకుపోయాయి.

దశమి

ఒక్కొక్కళ్ళని విడిగా అడిగాను.

ఏసుబాబు మొదట ఒప్పుకోలేదు. నేను తెరే పంచలేదని చెప్పాక ఏడ్చాడు. వాడికీ శివరాత్రి నుంచే బొమ్మ లేదట.

"కాసులు బాబాయికి కనిపిస్తదిగదండి. ఆయన నాకు చెప్తాడు, నేను నూకరత్నానికి చెప్తాను. ఆ పిల్లకి నా సంగతి తెలీదండి. చెప్తే భయపడతది."

కాసులు ఏడవలేదు. తెలిసిపోయిందా అండి అన్నాడు, అంతే.

"వాళ్ళిద్దరికీ నువ్వు చెప్తున్నావు. మరి నీకెవరు చెప్తున్నారు కాసులూ?"

"మీరేనండి."

"నేనెప్పుడు చెప్పాను?"

"నీళ్ళు పెరిగితే మీరు ఊఁ అంటారండి. తగ్గితే చప్పరిస్తారు. తలుపు దించే టైము దగ్గర పడితే ముందుకి వంగుతారేమో, కుర్చీ కిర్రుమంటది. ఆ కిర్రుకి మేం దించేస్తామండి."

"వేలు తెరంతా తిప్పేవాడివి కదా."

"ఊరికే ఉంచితే చూడట్లేదనుకుంటారుగదండి. నాకు కనిపించట్లేదని తెలిస్తే నా వల్ల క్లాసంతా ఆగిపోద్ది. ఏసుబాబుకి నా మాటే ఆధారం గదండి."

ఎవరికి వాళ్ళు తమకి చెప్పేవాళ్ళకి కనిపిస్తోందనుకున్నారు. మిగతావాళ్ళ చదువు చెడగొట్టకూడదని నోరు మూసుకున్నారు. మూడు లంకల జనం శివరాత్రి నుంచీ నా కుర్చీ చప్పుడు మీద బతుకుతున్నారు. కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ కుర్చీని కాలితో ఒక్క తోపు తోసి, మళ్ళీ తెచ్చుకుని దాన్లోనే కూర్చున్నాను.

పౌర్ణమి నాడు నా మైకు కట్టేస్తారు. ఊఁ ఉండదు. చప్పరింపు ఉండదు. కిర్రు ఉండదు. పౌర్ణమి పాటు లోతుగా పోతుంది, పోటు అంతకంత మీదకొస్తుంది. దించడం కాస్త ఆలస్యమైనా చాలు, పుంతలంకలో నీళ్ళు చూరు అందుకుంటాయి.

ద్వాదశి

సెక్షనాఫీసు పద్మనాభరాజు గారికి ఫోన్ చేశాను. చెడ్డమనిషి కాదు. రూలు పుస్తకం ఆయన చేతిలో పెట్టారు, ఆయన దాన్ని దించడు.

"మాటవరసకి అడుగుతున్నానండి. ఒక లంకకి బొమ్మ అందట్లేదనుకోండి."

"ఏ లంకండి?"

"లంక కాదండి, మాటవరసకి."

"మాటవరసకైనా పేరు చెప్పండి, పడవ పంపించేస్తాను."

"పడవ బదులు ఒక కొత్త పెట్టె పంపచ్చు కదా."

"పెట్టెలకి బడ్జెట్ లేదు టీచరుగారూ. పడవలకుంది."

పోనీ పౌర్ణమి నాడు నా మైకు తీసి ఉంచమన్నాను. చెయ్యిచ్చేరోజు టీచరు మాట్లాడితే ఇంక చెయ్యిచ్చినట్టెలా అవుతుందన్నారు. ఇంత చెయ్యి తిరిగిన టీచరుకి తన శిష్యుల మీద నమ్మకం లేకపోతే ఎలా అని కూడా అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పరీక్ష వాయిదా వెయ్యమన్నాను. కారణం అడిగారు. ఏమని చెప్పను.

"అన్నట్టు మాగాయ పెడుతున్నారటగా, పడవవాడు చెప్పాడు. మీ చేతి మాగాయ తిని చాలా కాలమైంది. మాకో చిన్న జాడీ పంపండి."

అలాగేనండి అన్నాను.

త్రయోదశి

ముగ్గుర్నీ ఒకేసారి లైన్లోకి పిలిచి అందరి సంగతీ అందరికీ చెప్పేశాను. ముందుగా నూకరత్నం నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"అంటే ఏసుబాబూ, ఇన్నాళ్ళూ నువ్వు నాకు తీరిగ్గా చెప్పిందంతా టీచరుగారి కుర్చీయా?"

"కాసులు బాబాయి చెప్పిందే చెప్పాను."

"ఆపండి," అన్నాను. "పౌర్ణమి నాడు కుర్చీ కూడా ఉండదు. ఏం చేద్దాం?"

దారి నూకరత్నమే చెప్పింది. కొర్లంక ఒక్కటే చెప్పింది కాబట్టి ఒక్కదాన్నీ ఖాళీ చేశారు. ముగ్గురం ఒకేసారి కనిపించట్లేదంటే మూడు లంకల జనాన్ని ఎక్కడికని తోలతారు, వాళ్ళ దగ్గర అన్ని షెడ్లెక్కడున్నాయి? చచ్చినట్టు పెట్టెలు మార్చాలి. పౌర్ణమి పరీక్షకి హాజరు రాజుగారే అడుగుతారుగా, అప్పుడు ముగ్గురం ఒకే మాట మీదుందాం అంది.

కాసులు సరేనన్నాడు. ఏసుబాబు నసిగాడు.

"మా అమ్మ మంచం మీదుందండి టీచరుగారూ. ఆవిణ్ణి పడవెక్కించలేం."

"అందుకే చెప్పమంటున్నాను నాన్నా. నీళ్ళొస్తే ముందు మునిగేది ఆ మంచమే."

"సరేనండి."

"ఒట్టేనా?"

"ఒట్టేనండి."

జవాబులు ఎప్పుడూ సముద్రం వైపు నుంచి మొదలవుతాయి. ముందు పుంతలంక, తర్వాత ఈతలంక, ఆఖర్న నడిమిలంక. అయితే మొదట నేనే చెప్పాలిగదండి అంది నూకరత్నం. చెప్తానండి అని మళ్ళీ తనే అంది. ఆ పిల్ల గొంతులో వెటకారం లేకపోవడం మొదటిసారి విన్నాను. నాకు భయమేసింది.

పౌర్ణమి

ఇవాళ్టిది ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం పాటు మొదలయ్యే వేళకి రాజుగారు లైన్లోకొచ్చారు. నా తెర మీద బొమ్మ నిక్షేపంగా ఉంది. సముద్రం దిగుతోంది, మూడు తలుపులూ నీలంగా వెలుగుతున్నాయి. ముక్కలు ఎండిపోయాయి, సాయంత్రం కలుపుదామని ఊట బేసిన్ పక్కనే బల్ల మీద పెట్టుకున్నాను. తెర పంచాను. హాజరయ్యేదాకా నా మైకు తీసే ఉంటుంది, ఆ తర్వాత కట్టేస్తారు.

"అందరికీ నమస్కారం. కనిపిస్తోందా?" అన్నారు రాజుగారు.

"పుంతలంక. కనిపించట్లేదండి."

"ఏమ్మా, మళ్ళీ చెప్పు," అన్నారు రాజుగారు.

"కనిపించట్లేదండి. శివరాత్రి నుంచీ బొమ్మ లేదండి."

"సరే. ఈతలంక?"

ఏసుబాబు వాళ్ళ గదిలో ఎవరో దగ్గుతున్నారు, ముసలి దగ్గు.

"ఈతలంక," అన్నాడు. తర్వాత చిన్నగా, "కనిపిస్తోందండి."

"నడిమిలంక?"

కాసులు పెద్దవాడు. ఒక్కమాట మీదుందామంటే సరేనన్నవాడు. "నడిమిలంక, కనిపిస్తోందండి," అన్నాడు. ఈసారి తేటగా ఉందని మాత్రం అనలేదు.

నూకరత్నం ఏసుబాబూ అని పిలవనైనా లేదు. ఆ పిల్ల అక్కడ నల్లటి తెర ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

"అయితే పుంతలంక ఒక్కటేనన్నమాట," అన్నారు రాజుగారు. ఆయన గొంతులో బాధ ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. "శివరాత్రి నుంచీ అంటే మూడు తిథులు ఎప్పుడో దాటిపోయాయి. రేపు పడవలు పంపిస్తాను. పుంతలంక లెక్కలోంచి పోయినట్టే కాబట్టి మిగతా ఇద్దరితో పరీక్ష కానిద్దాం. టీచరుగారూ, రూలు ప్రకారం మిమ్మల్నీ అడగాలి. మీకు కనిపిస్తోందిగా?"

పాతికేళ్ళు టీచరుగా చేశాను. చూడకుండా చూశానని చెప్పినవాణ్ణి ఏనాడూ క్షమించలేదు. సముద్రం ఇంకో గీత దిగింది, నా కళ్ళెదురుగా, స్పష్టంగా.

"నాకూ కనిపించట్లేదండి," అన్నాను.

"అదేంటి? ఇప్పుడే కదా తెర పంచారు."

"పంచాను. పోయింది."

అనడమైతే అనేశాను గానీ వాళ్ళొచ్చి చూస్తే తెర వెలుగుతూ ఉంటుంది. ఊట బేసిన్ ఎత్తి పెట్టె మీద చిల్లుల్లోంచి కుమ్మరించేశాను. చిటచిటమంది. సముద్రం పోయింది, తలుపులు పోయాయి, తెర నల్లబడింది. ఇప్పుడు చెప్పింది అబద్ధం కూడా కాదు.

"మీకు కనిపించకపోతే వాళ్ళిద్దరికీ ఎలా కనిపిస్తోందండీ? బొమ్మ మీ దగ్గర్నుంచేగా పోవాలి," అన్నారు రాజుగారు.

ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఈతలంకలో దగ్గు ఆగింది.

"ఇప్పుడే పోయిందండి," అన్నాడు ఏసుబాబు.

"నాకూ అండి. ఇప్పుడే, టక్కున," అన్నాడు కాసులు.

నిజం చెప్పమంటే నోరు రానివాళ్ళకి రెండో అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. నేను మాత్రం తక్కువ తిన్నానా.

"పై లైను పోయిందని రాసుకోండి రాజుగారూ," అన్నాను. "పైనుంచి కిందదాకా పెట్టెలన్నీ చూడాలి. నాది పోయాక లంకల పేర్లు రాయకూడదు. రూలు."

చాలాసేపయ్యాక రాసుకుంటున్నానన్నారు. పరీక్ష ఆపేశారు. తలుపులు మూసినవి మూసినట్టే ఉంచమన్నారు.

బహుళ విదియ

మూసిన తలుపులు రెండు తిథులు ఎత్తలేదు. నడిమిలంకలో పెరళ్ళలోకి చీలమండ లోతు నీళ్ళొచ్చాయి. ఈతలంకలో నారుమళ్ళు కుళ్ళిపోయాయి. ఇవన్నీ నా ఖాతాలోవే. పుంతలంకకి మాత్రం పడవలు రాలేదు.

ఇవాళ రాజుగారు స్వయంగా వచ్చారు. పడవలో నాలుగు కొత్త పెట్టెలున్నాయి. నా పెట్టె విప్పి లోపలికి వంగారు. మెల్లగా తలెత్తి నా వంక చూశారు. ఆ వాసన ఆయనకి తెలియకపోవడమేమిటి.

"ఉప్పు తినేసిందండి," అన్నాను.

"ఉప్పే. కాస్త పసుపు కూడా ఉన్నట్టుంది."

నేను కిటికీలోంచి సముద్రం చూశాను. ఆయన వేలితో పెట్టె అంచు తుడిచి, ఆ వేలు కండువాకి రుద్దుకున్నారు.

"ఉప్పు తినేసిందనే రాస్తాను. మూడు లంకల్లోనూ ఇవాళే పెట్టెలు మారుస్తారు. కానీ సముద్రానికి ఇంత దగ్గరగా మిమ్మల్నింక ఉంచలేను టీచరుగారూ. చవితి పడవకి మెట్టకెళ్ళండి. కొర్లంకోళ్ళ షెడ్ల దగ్గర ఒక బడుంది. కొత్త టీచరు అదే పడవలో వస్తాడు."

ఎదురు చెప్పలేదు. అక్కడ తెర ఉందా అని అడిగాను. లేదన్నారు, పిల్లలు ఎదురుగానే కూర్చుంటారన్నారు. ఎండిన ముక్కలు ఊట లేకుండానే మూటకట్టి ఆయన చేతిలో పెట్టాను. వద్దనలేదు.

సాయంత్రం ఏసుబాబు ఫోన్ చేశాడు. క్షమించమన్నాడు. నన్ను కాదు, నూకరత్నాన్ని అడుగు అన్నాను. ఆ పిల్ల ఫోన్ ఎత్తట్లేదండి అన్నాడు.

బహుళ చవితి

పాఠం: కొత్త పెట్టెల మీద మొదటి పాఠం. నాకు ఆఖరిది. హాజరు: ముగ్గురూ.

మూట కట్టేసుకున్నాను. పడవ మధ్యాహ్నానికి. గదిలో ఇంకా మామిడికాయ వాసన పోలేదు. కుర్చీలో కూర్చుని, ఈసారి కదలకుండా కూర్చుని, తెర పంచాను. మీట నొక్కానో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

"కనిపిస్తోందా?"

నూకరత్నం వంతు ముందు. పలకలేదు. వరస తప్పించి ఏసుబాబు అందుకున్నాడు, "ఈతలంక, కనిపిస్తోందండి." వెంటనే కాసులు, "నడిమిలంక, కనిపిస్తోందండి." ఇద్దరూ ఎంత తొందరగా అన్నారంటే, చూసే అన్నారో నోటికొచ్చింది అనేశారో నాకు తెలియలేదు. ఇకముందు ఎవరు ఆ మాటన్నా నాకు తెలియదు.

"పుంతలంక?" అన్నాను.

"ఉండండి టీచరుగారూ," అంది నూకరత్నం. "చూసి చెప్తాను."

నేను ఆగాను.